టన్నుకు ఎంత వైరు పడుతోంది?

పాత అట్టలు, ప్లాస్టిక్ లాంటి సరుకును మెషిన్‌లో నొక్కి చేసే మోపుల్ని బేళ్లంటారు, వాటిని కట్టే ఇనుప తీగే బేలింగ్ వైరు. దాని ఖర్చు తగ్గించాలని అనుకోగానే చాలా స్క్రాప్ యార్డులు సప్లయర్‌కి ఫోన్ చేసి కిలోకి రెండు రూపాయలు తగ్గించమని అడుగుతాయి. తగ్గిస్తే మంచిదే. కానీ 70 రూపాయల వైరు మీద రెండు రూపాయలంటే మూడు శాతం కూడా కాదు. అదే యార్డులో ముడి దగ్గర కత్తిరించి పారేసే ముక్కలు, షిఫ్టు చివర కట్టే సగం బేళ్లు, లారీ ఎక్కించేటప్పుడు తెగిపోయి మళ్లీ కట్టాల్సినవి అన్నీ కలిపితే అంతకు ఎన్నో రెట్లు పోతుండొచ్చు. అందుకే నేను చూడమనేది ఒకే ఒక్క అంకె: ఒక టన్ను సరుకు కట్టడానికి ఎన్ని కిలోల వైరు పడుతోంది? కిలో రేటు దాని తర్వాతే.

ఒక మామూలు యార్డు లెక్క తీసుకుందాం. రోజుకు 10 టన్నుల అట్టలు, నెలకు 26 పని దినాలు, చేత్తో ముడివేసే అడ్డం బేలర్ (బేళ్లు నొక్కే మెషిన్). బేల్ పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 1.1, ఎత్తు 0.75, బరువు 500 కిలోలు. 10 గేజ్ వైరు, అంటే 3.25 మి.మీ., ఐదు వరసలు. వైరు బేల్ పొడవు, ఎత్తుల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఒక చుట్టు 3.9 మీటర్లు. ముడికి 30 సెంటీమీటర్లు కలిపితే 4.2. ఐదు వరసలకు 21 మీటర్లు. 3.25 మి.మీ. వైరు మీటరుకు 65 గ్రాములు తూగుతుంది కనుక బేల్‌కు 1.37 కిలోలు, టన్నుకు 2.73 కిలోలు. కిలో 70 చొప్పున టన్నుకు 191 రూపాయలు, నెలకు 260 టన్నుల మీద దాదాపు 50 వేలు.

ఇది కాగితం మీద రావాల్సిన లెక్క. ఇప్పుడు మీ యార్డు లెక్క తీయండి. నెల మొదటి రోజు ఉన్న వైరు తూకం వేయండి, విప్పిన కాయిల్స్‌తో సహా. దానికి ఆ నెల కొన్నది కలిపి, నెలాఖరున మిగిలినది తీసేయండి. వచ్చినదాన్ని ఆ నెల బేల్ చేసిన టన్నులతో భాగించండి. అమ్మిన టన్నులతో భాగిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే కట్టి యార్డులో నిలవ ఉన్న సరుకు అందులో రాదు. లెక్కలో 2.73 రావాల్సిన చోట 3.4 వచ్చిందనుకోండి, టన్నుకు 670 గ్రాములు ఎక్కడో పోతోంది. 260 టన్నుల మీద అది 174 కిలోలు, 12 వేల రూపాయల పైమాటే. ముందు ఈ తేడా ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. గేజ్ మార్చడం, సప్లయర్ని మార్చడం లాంటి పెద్ద నిర్ణయాలన్నీ ఆ తర్వాత.

"బేల్ తూకంలో వైరు బరువు కూడా కలిసి పేపర్ మిల్లుకు పోతుంది కదా, నష్టమేముంది?" అనేవాళ్లున్నారు. కలుస్తుంది నిజమే, కానీ అట్టల ధరకే. 70 పెట్టి కొన్న ఇనుమును అట్టల రేటుకు అమ్ముకున్నట్టు. పైగా వైరు బరువు కోసే మిల్లు అయితే అదీ రాదు.

తేడా ఎక్కడ పోతుంది

మొదటిది తోకలు. ముడి వేశాక రెండు పక్కలా మిగిలే కొసలివి. ముడికి ఒక్కో వైపు 15 సెంటీమీటర్లు సరిపోతుంది, గట్టిగా మెలివేయడానికి చేతికి పట్టు దొరుకుతుంది. కానీ కాయిల్ నుంచి లాగి కంటి అంచనాతో కత్తిరించే చోట 30 సెంటీమీటర్లు ఎక్కువ పోవడం మామూలే, ఎందుకంటే పొట్టిగా వస్తే ముడి పడదనే భయం. బేల్‌కు ఐదు వరసలకు మీటరున్నర, అంటే 98 గ్రాములు. రోజుకు 20 బేళ్లు, నెలకు 51 కిలోలు. మూడున్నర వేల రూపాయలు గేటు దగ్గర చెత్తకుప్పలో పడుతున్నాయన్నమాట. దీనికి మందు చాలా చవక. గోడ వెంబడి ఒక యాంగిల్ వేసి, ఒక చివర ఆపుడు ముక్క, ఇంకో చివర కటింగ్ గుర్తు పెట్టండి. ఉదయమే ఆ రోజుకు సరిపడా ముక్కలు ఒకే కొలతలో కత్తిరించి కట్టలు కట్టిపెట్టండి. బేల్ పొడవు మారితే గుర్తు మార్చాలి, అది సూపర్‌వైజర్ పని. కొలత మొదలుపెట్టేముందు పది బేళ్లకు వేసిన ముడులు విప్పకుండా తోకలు మాత్రం కొలవండి, ఎంత మిగులుతోందో మీ యార్డు అంకె మీకే తెలుస్తుంది.

రెండోది సగం బేళ్లు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది దీన్నే. అట్టలు ఆపి పెట్ బాటిళ్లు మొదలుపెట్టే ముందు చాంబర్‌లో ఉన్నది ఉన్నట్టే కట్టి బయటికి తోసేస్తారు. 60 సెంటీమీటర్ల బేల్ అయినా ఐదు వైర్లూ పడాల్సిందే, బేల్ ఎత్తూ ముడీ ఎక్కడా తగ్గవు. చుట్టు 3 మీటర్లు, ఐదుకు 15 మీటర్లు, దాదాపు 980 గ్రాములు, అదీ 250 కిలోల సరుకుకు. టన్నుకు 3.9 కిలోలు పడినట్టు. నిండు బేల్ కంటే 43 శాతం ఎక్కువ. పైగా ఇలాంటి పొట్టి బేల్ లారీలో సరిగా కూర్చోదు, ఎక్కడో ఒకచోట దొర్లి తెగుతుంది. రోజుకు నాలుగు సార్లు సరుకు మార్చే యార్డు, రోజుకు ఒకసారి మార్చేలా ప్లాన్ చేసుకుంటే చాలు. తక్కువ వచ్చే రకాలను, పాలప్యాకెట్ కవర్లూ తెల్ల కాగితమూ లాంటివాటిని, కుప్ప పోసి నాలుగైదు నిండు బేళ్లకు సరిపడా అయ్యాకే ప్రెస్‌లో వేయండి. అందుకు కప్పు కింద కొంచెం జాగా కావాలి, అంతే.

మూడోది కాయిల్ చివర. చిన్న కాయిల్‌ను నేల మీద పడేసి లాగితే లోపలి చుట్లు చిక్కుపడి చివరి రెండు మూడు కిలోలు స్క్రాప్‌లోకి పోతాయి. తిరిగే స్టాండు మీద పెట్టి బయటి కొస నుంచి లాగితే చివరి మీటరు దాకా వాడుకోవచ్చు. తిరగని స్టాండు అయితే సప్లయర్ చెప్పిన వైపు నుంచే విప్పాలి, తిరగేసి పెడితే ప్రతి చుట్టుకూ ఒక మెలి పడుతుంది. ఆ మెలి బిగుసుకుని మడతపడిన చోటే వైరు తర్వాత తెగుతుంది.

ఇవికాక వైరు యార్డులో అన్నిటికీ వాడతారు. జంబో బ్యాగు మూతి కట్టడానికి, టార్పాలిన్ బిగించడానికి, రేకు ఊడితే కట్టడానికి. వీటికి బేలింగ్ వైరు అక్కర్లేదు. సన్న కట్టుతీగ ఒక కాయిల్ విడిగా పెట్టండి.

కొనేటప్పుడు

ఆర్డర్‌లో గేజ్ రాయకండి, మిల్లీమీటర్లు రాయండి. "12 గేజ్" అంటే ఒక పట్టికలో 2.64 మి.మీ., ఇంకో పట్టికలో 2.77. చూపులో తేడా తెలియదు గానీ బరువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక రెండిటికీ పది శాతం తేడా. మీకు కావాల్సింది మీటర్లు, మీరు డబ్బు కట్టేది కిలోలకు. మందం పెరిగిన కొద్దీ కిలోకు వచ్చే మీటర్లు తగ్గుతాయి. 3.25 అని చెప్పి 3.35 వస్తే ఆరు శాతం వైరు పోయినట్టే, అదీ సప్లయర్ మోసం ఏమీ చేయకుండానే. వైరు లాగే డై (రాడ్‌ను సన్నం చేసే రంధ్రం) అరిగితే మందం దానంతట అదే పెరుగుతుంది.

లోడు దిగగానే చేయాల్సిన పరీక్ష ఇది. ఏదో ఒక కాయిల్ నుంచి కచ్చితంగా 10 మీటర్లు కత్తిరించి, గ్రాముల్లో చూపే కాటా మీద పెట్టండి. 3.25 మి.మీ. అయితే 651 గ్రాములు, 2.95 అయితే 536, 2.64 అయితే 430, 2.34 అయితే 338 రావాలి. స్క్రూ గేజ్ ఉంటే మూడు చోట్ల, ప్రతి చోటా అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలవండి. రెండు కొలతలూ బాగా తేడా వస్తే వైరు గుండ్రంగా లేదని అర్థం, ఆటోమేటిక్ బేలర్‌లో అలాంటిది గైడ్ల దగ్గర ఇరుక్కుంటుంది. తర్వాత ఒక ముక్కను అదే మందం వైరు చుట్టూ పక్కపక్కనే ఎనిమిది చుట్లు చుట్టండి. పగుళ్లు రాకూడదు, విరగకూడదు. కొలిమిలో సరిగా మెత్తబడని వైరు ఇక్కడే దొరికిపోతుంది. నల్ల వైరు (కొలిమిలో కాల్చి మెత్తబరిచిన, పూత లేని వైరు) కాయిల్ అంతా ఒకేలా మెత్తబడకపోవచ్చు, కాబట్టి బయటి చుట్టు నుంచి ఒకటి, ఆ కాయిల్ సగం వాడాక లోపలి నుంచి ఒకటి చూడటం మంచిది.

తూకం విషయంలో కాయిల్ మీది ప్యాకింగ్, చెక్క, డ్రమ్ము ఏవైనా ఉంటే తీసేసి నికర బరువుకే బిల్లు ఉండాలి. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు జీఎస్టీ, రవాణా, దింపుడు కూలీ అన్నీ కలిపి యార్డులో పడే ధర వేసుకోండి. ఆ తర్వాత దాన్ని కిలోకు వచ్చే మీటర్లతో భాగించి మీటరు ధర రాసుకోండి. కిలో రేటులో చవకైనది మీటరు ధరలో ఖరీదైనదిగా తేలడం అరుదేం కాదు.

ధర ఎలా కదులుతుందో కూడా తెలుసుకుని మాట్లాడాలి. ఈ వైరు వైర్ రాడ్ నుంచి లాగుతారు, సాధారణంగా 5.5 మి.మీ. రాడ్. మన దగ్గర విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ వైర్ రాడ్ తయారవుతుంది. రాడ్ ధర పెరిగితే వైరు ధర పెరుగుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ రాడ్ ధర తగ్గినప్పుడు వైరు ధర అంత చురుగ్గా తగ్గదు. అందుకే నెలకు టన్నుకు అటూ ఇటూ వాడే యార్డు "ఆ వారం రాడ్ ధర, దాని మీద ఇంత తయారీ ఖర్చు" అని విడదీసి ఒప్పందం చేసుకోవాలి. అప్పుడు బేరం ఆడాల్సింది తయారీ ఖర్చు మీద మాత్రమే.

ఇంటి నిర్మాణంలో కడ్డీలు కట్టే బైండింగ్ వైరును నాలుగైదు పోగులు కలిపి బేళ్లకు వాడే పద్ధతి చిన్న షాపుల్లో కనిపిస్తుంది. 18 గేజ్ తీగ 1.22 మి.మీ., ఒక్క 3.25 వైరుకు సమానమైన ఇనుము కావాలంటే ఏడు పోగులు కావాలి. ఏడూ ఒకే బిగువులో ఎప్పుడూ ఉండవు. నులక మంచంలో ఒక పురి బిగిసి మిగతావి వదులుగా ఉంటే ఆ బిగిసిందే ముందు తెగినట్టు, ఇక్కడా ఒక్కొక్కటే తెగుతూ పోతాయి.

బేల్ కొలతలో ఉన్న లాభం

వైరు ముట్టుకోకుండానే వైరు తగ్గించే దారి బేల్ పొడవు పెంచడం. బేల్ ఎత్తుకూ ముడికీ పోయే వైరు పొడవు మారినా మారదు. అది ఎక్కువ సరుకు మీద పంచుకుంటే టన్నుకు పడేది తగ్గుతుంది. 1.2 మీటర్ల బేల్‌ను 1.6 మీటర్లు చేస్తే చుట్టు 5 మీటర్లు, ఐదుకు 25 మీటర్లు, 1.63 కిలోలు. బేల్ బరువు 667 కిలోలు. టన్నుకు 2.44 కిలోలు, అంటే పది శాతం పైగా తగ్గింది.

1.6 అని ఎందుకన్నానంటే, లారీ. 32 అడుగుల బండి లోపలి పొడవు దాదాపు 9.75 మీటర్లు. 1.2 మీటర్ల బేళ్లు ఎనిమిది వరసలు, 1.6 మీటర్లవి ఆరు వరసలు పడతాయి. రెండూ 9.6 మీటర్లే. మధ్యలో 1.5 పెట్టుకుంటే ఆరు వరసలకు 9 మీటర్లే నిండి, ముప్పావు మీటరు ఖాళీ మిగులుతుంది. అట్టలకు అది సమస్య కాదు, ఎందుకంటే జాగా నిండకముందే బండి బరువు పరిమితి వచ్చేస్తుంది. పెట్ బాటిళ్లు, కవర్లు లాంటి తేలిక సరుకులో మాత్రం ప్రతి ట్రిప్పుకూ ఆరు శాతం సరుకు తగ్గుతుంది. వైరులో మిగిలింది కిరాయిలో పోతుంది. ఈ కొలత బేల్ బయటికొచ్చి ఉబ్బాక తీసుకోవాలి, చాంబర్‌లో ఉన్నప్పటిది కాదు. అలాగే కొనే మిల్లును ముందే అడగండి. వాళ్ల కన్వేయర్‌కూ, బేల్‌ను పక్కల నుంచి పట్టి ఎత్తే క్లాంప్ బండికీ పొడవు బేల్ పట్టకపోతే మన లెక్కంతా వృథా.

రెండో దారి సాంద్రత. అదే కొలతలో 500కు బదులు 550 కిలోలు పడితే టన్నుకు 2.73 కాస్తా 2.49 అవుతుంది. కానీ ప్రెజర్ పెంచే ముందు ఉన్న ప్రెజర్ సరుకుకు చేరుతోందో లేదో చూడండి. సిలిండర్ సీళ్లు అరిగితే పంపు దగ్గర గేజ్ సరిగానే చూపిస్తుంది గానీ ర్యామ్ (సరుకును నొక్కే దిమ్మె) అంత బలంగా నొక్కదు. ర్యామ్ చివరి దాకా వెళ్లాక నిమిషం ఆపి చూడండి, వెనక్కి జరుగుతోందంటే ఎక్కడో లీకు ఉంది. చాంబర్ గోడలకుండే పళ్లు, అంటే నొక్కిన సరుకును వెనక్కి రాకుండా పట్టుకునే డాగ్స్, అరిగినా స్ప్రింగు విరిగినా ప్రతి దెబ్బకూ సరుకు మళ్లీ ఉబ్బుతుంది. మనిషి దగ్గర కూడా ఒక కారణం ఉంటుంది. హాపర్‌లో (సరుకు వేసే తొట్టిలో) ఒకేసారి కుక్కేస్తే పైపొర మాత్రమే బిగుస్తుంది, కింద గుల్లగా మిగులుతుంది. అట్టపెట్టెలు విప్పి చదును చేసి, కొంచెం కొంచెంగా ఎక్కువ దెబ్బలు వేస్తే అదే ప్రెజర్‌లో బరువు పెరుగుతుంది. కరెంటు కాస్త ఎక్కువ అవుతుంది, వైరుతో పోలిస్తే చిన్నదే. బరువు పెరగాలని అట్టల మీద నీళ్లు చల్లే అలవాటు మాత్రం వద్దు. మిల్లులో తేమ కోత పడుతుంది, వైరు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

సన్న వైరుకు మారడం

3.25 నుంచి 2.95కు వస్తే బరువు 18 శాతం తగ్గుతుంది, 2.64కు వస్తే 34 శాతం. వినడానికి బాగుంది. కానీ అదే రకం మెత్తటి నల్ల వైరులో బలం కూడా సరిగ్గా అంతే తగ్గుతుంది. చదరపు మిల్లీమీటరుకు 400 న్యూటన్ల బలం ఉన్న 3.25 వైరు దాదాపు 340 కిలోల లాగుడుకు తెగుతుంది. అదే బలంతో 2.64 వైరు 223 కిలోలకే తెగుతుంది. 2.64 వైరు అంత బరువు మోయాలంటే 600 న్యూటన్ల రకం కావాలి. కాబట్టి సన్నది కొనేటప్పుడు మందంతోపాటు బలం ఎంతో టెస్ట్ సర్టిఫికెట్‌లో అడగాల్సిందే.

అయితే బలం పెరిగిన కొద్దీ సాగే గుణం తగ్గుతుంది. ర్యామ్ వెనక్కి రాగానే బేల్ ఒక్కసారి ఉబ్బుతుంది. మెత్తటి వైరు కొంచెం సాగి ఆ దెబ్బ తట్టుకుంటుంది, గట్టి వైరు మెలి దగ్గర పుటుక్కున తెగుతుంది. గట్టి జీఐ (జింకు పూత ఉన్న) వైరును చేత్తో మెలిపెట్టి ముడి వేయడం సరైన పని కాదు. ముందే ఉంగరం చేసి వచ్చే లూప్ టైలు లేదా ఆ వైరుకోసమే చేసిన ట్విస్టర్ ఉండాలి. మెత్తటి వైరుకు తయారైన ఆటోమేటిక్ బేలర్‌లో గట్టి వైరు ఎక్కిస్తే హుక్కులు, కట్టర్లు త్వరగా అరుగుతాయి, మిగిలిన డబ్బు స్పేర్లకు పోతుంది.

వైరు కంటే ముడి బలహీనం. అందుకే యార్డులోనే ముడితో సహా పరీక్షించండి. రెండు గట్టి కొక్కేలకు మీ మనిషి రోజూ వేసే ముడితోనే ఒక చుట్టు కట్టి, చైన్ పుల్లీ బ్లాక్‌తో లాగుతూ మధ్యలో టన్ను చూపే వేలాడే కాటా పెట్టండి. చుట్టు కనుక లాగుడు రెండు పాయలకు పంచుకుంటుంది, కాటా చూపినదాంట్లో సగం ఒక వైరుది. ఎదురుగా ఎవరూ ఉండకూడదు, ప్లైవుడ్ అడ్డం పెట్టాలి, అంకెను ఫోన్ కెమెరాతో దూరం నుంచి చూడాలి. ఐదు ముడులు ఒకరివి, ఐదు ఇంకొకరివి లాగి చూస్తే తేడా ఆశ్చర్యపరుస్తుంది. చాలాసార్లు వైరు మార్చాల్సిన పని ఉండదు, ముడి నేర్పితే చాలు.

పెట్ బాటిళ్లకు మాత్రం వైరు సన్నం చేయడానికి తొందరపడొద్దు. మూత బిగించి ఉన్న బాటిల్‌లో గాలి పోదు. బేల్ కట్టాక కూడా రోజుల తరబడి లోపలి నుంచి తోస్తూనే ఉంటుంది. ముందు మూతలు తీయించండి, లేదా బేలర్ ముందు బాటిల్‌కు చిల్లులు పెట్టే మేకుల రోలర్ పెట్టించండి. అప్పుడు సాంద్రత పెరిగి, వైరు మీద భారం తగ్గి, గేజ్ గురించి ఆలోచించే వీలు వస్తుంది.

ఐదు వరసలను నాలుగు చేయడం ఇంకో దారి, 2.95కు మారినదానికంటే కొంచెం ఎక్కువ మిగులు, 20 శాతం. కానీ వరసల మధ్య ఎడం పెరిగితే చిన్న ముక్కలు రాలిపోతాయి, ఒక్క వైరు తెగినా మిగతా మూడింటి మీద భారం మూడోవంతు పెరుగుతుంది. పెద్ద అట్టపెట్టెలకు ఫరవాలేదు. ముక్కలైన కాగితానికి, డబ్బాలకు పనికిరాదు.

వైరు బదులు ప్లాస్టిక్ స్ట్రాప్ గురించి కూడా అడుగుతుంటారు. నిలువు బేలర్‌లో చిన్న బేళ్లకు పాలిస్టర్ స్ట్రాప్ బాగానే పనిచేస్తుంది, తుప్పు గొడవా లేదు. పేపర్ మిల్లుకు వెళ్లే సరుకైతే మిల్లు ఒప్పుకున్నాకే వాడండి. పల్పర్‌లో (కాగితాన్ని గుజ్జు చేసే తొట్టిలో) ఇనుప వైరు తాడులా చుట్టుకుని బయటికి వచ్చే ఏర్పాటు వాళ్లకు ఉంటుంది, ప్లాస్టిక్ పీలికలు గుజ్జులో కలవడం వాళ్లకు తలనొప్పి.

ముడి, మెషిన్, తుప్పు

చేత్తో వేసే ముడిలో రెండు కొసలూ ఒకదాని చుట్టూ ఒకటి సమంగా తిరగాలి. ఒకటి నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ చుట్టుకుంటే లాగుడు పడగానే జారిపోతుంది. నాలుగైదు పూర్తి మెలికలు చాలు. గట్టిగా ఉండాలని ఎనిమిది పది మెలికలు తిప్పితే మొదట్లోనే వైరు గట్టిపడి అక్కడే విరుగుతుంది. ర్యామ్ నొక్కి పట్టుకున్నప్పుడే ఐదు ముడులూ వేయాలి, ఐదూ ఒకే బిగువులో. ఒకటి వదులుగా ఉంటే దాని వాటా భారం పక్కవాటి మీద పడుతుంది. ఐదూ అయ్యాక ర్యామ్‌ను మెల్లగా వెనక్కి తీయాలి, ఒక్కసారి వదలకూడదు. ముడి పక్క వైపు రావాలి. అడుగున వస్తే ఫోర్క్‌లిఫ్ట్ పళ్లకు, నేలకు రాసుకుని ఊడుతుంది.

ఆటోమేటిక్ బేలర్‌లో వైరు తెగుతుంటే ముందు వైరును నిందించకండి. తెగిన ముక్క పట్టుకుని వెలుతురులో చూడండి. పొడవునా మెరిసే గీత ఉంటే ఎక్కడో రోలర్ తిరగకుండా ఇరుక్కుంది లేదా గైడ్‌లో గాడి పడింది. కొస చదునుగా తెగకుండా నలిగి ఉంటే కట్టర్ మొద్దుబారింది. మెలికలు ఒకసారి మూడు ఒకసారి ఐదు వస్తుంటే ట్విస్టర్ హుక్ అరిగింది. కొస సాగి సన్నబడి తెగితే భారం ఎక్కువైంది, సన్నబడకుండా మొద్దుగా విరిగితే వైరు పెళుసు. ఈ ఐదింటికీ మందు వేరు. ఏది సరిచేయాలన్నా కరెంటు ఆపి, తాళం వేసి, హైడ్రాలిక్ ప్రెజర్ వదిలాకే చేయి పెట్టాలి.

నల్ల వైరు మీద పలుచటి నూనె పొర తప్ప వేరే రక్షణ లేదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న చోట, వానాకాలంలో ఎక్కడైనా, నేల మీద పెట్టిన కాయిల్ అడుగు చుట్లు ముందు పాడవుతాయి. చెక్క ప్యాలెట్ మీద, గోడకు ఎడంగా, పైన కప్పి పక్కల గాలి ఆడేలా పెట్టండి. ముందు వచ్చింది ముందు వాడాలి, కాబట్టి కాయిల్ మీద వచ్చిన తేదీ రంగుతో రాయండి. వానలకు ముందు రేటు తగ్గిందని మూడు నెలల సరుకు కొనడం నల్ల వైరు విషయంలో నాకు నచ్చదు. బేళ్లు ఆరుబయట వారాల తరబడి ఉండాల్సి వస్తే, లేదా ఓడ ఎక్కాల్సి ఉంటే, జీఐ వైరుకు ఎక్కువ పెట్టడమే మేలు.

బయటి నుంచి వచ్చిన బేళ్లు విప్పినప్పుడు దొరికే పాత వైరును సాపు చేసి మళ్లీ కట్టడం కూడా మానేయాలి. ఒకసారి మెలిపడి విప్పిన చోట అది గట్టిపడి ఉంటుంది, రెండోసారి అక్కడే తెగుతుంది. దాన్ని విడిగా కూడబెట్టి ఇనుము రేటుకు అమ్మండి. బిగువులో ఉన్న వైరు కత్తిరించేవాడు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, బేల్‌కు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. కొస ఎగిరి కంటికి తగిలితే ఆ నష్టానికి లెక్క ఉండదు.

మార్చేముందు వంద బేళ్లు

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటే చేయండి. గేజూ వరసలూ పొడవూ ఒకేసారి మారిస్తే తెగినప్పుడు ఏది కారణమో తెలియదు. ముందు పాత పద్ధతిలో వంద బేళ్లలో ఎన్ని తెగుతున్నాయో రాయండి. తర్వాత కొత్త వైరుతో వంద బేళ్లు కట్టి రంగు గుర్తు వేయండి. కట్టిన గంటకు, రెండు రోజుల తర్వాత, లారీ ఎక్కించేటప్పుడు, మిల్లులో దింపేటప్పుడు, ఈ నాలుగు చోట్లా తెగినవి లెక్కపెట్టండి. రెండు రోజులు ఆగకుండా తీర్పు చెప్పొద్దు, పెట్ అయితే వారం ఆగాలి.

3.25 నుంచి 2.95కు మారితే బేల్‌కు 240 గ్రాములు, అంటే 17 రూపాయలు మిగులుతాయి. వందకు 1,700. ఒక బేల్ తెగితే మళ్లీ వైరు 79 రూపాయలు, ఇద్దరు మనుషుల అరగంట, కరెంటు, ఫోర్క్‌లిఫ్ట్ డీజిల్ కలిపి 250 దాకా వేసుకోండి. అంటే పాత పద్ధతి కంటే వందకు ఆరు బేళ్లు అదనంగా తెగినా మిగులు దాదాపు పోయినట్టే, ఏడు తెగితే నష్టం. అది యార్డులో తెగితే. మిల్లు గేటు లోపల తెగితే 250తో పోదు. అక్కడి హమాలీలు అదనంగా అడుగుతారు, బండి ఆగుతుంది, క్వాలిటీ వాళ్లు ఆ లోడంతా మళ్లీ చూస్తారు. అందుకని నా హద్దు వందకు మూడు, మిల్లులో ఒక్కటి కూడా కాదు. అది దాటితే పాత గేజ్‌కే వెళ్లి, తోకలు, సగం బేళ్లు, బేల్ పొడవు, ఈ మూడింటి మీదే పనిచేయండి. వీటిలో ఏదీ బేల్ బలం తగ్గించదు.